సవరణ: బాగా ఉడికిస్తే చాలదు

అండమాన్‌లో గాలానికి పడ్డ బారకుడా, గ్రూపర్ లాంటి చేపలను "బాగా ఉడికిస్తే చాలు" అని మొన్న రాశాను. అది తప్పు. హన్మకొండ నుంచి అక్కడికి బయల్దేరుతున్న మిత్రులు దయచేసి ఇది చదవండి.

పగడపు దిబ్బల మీది సూక్ష్మ నాచు నుంచి వచ్చే సిగ్వాటెరా విషం, చిన్న చేపలను తినే పెద్ద చేపల్లో పేరుకుంటుంది. అన్నింట్లో ఉండదు, కానీ చూసి గుర్తుపట్టలేం. వాసన, రుచి మారవు. చింతపండు పులుసులో గంటసేపు మరిగించినా, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. మనం ఇష్టపడే తలకాయ, కార్జం, గుడ్లలోనే ఎక్కువ. వాంతులు, విరేచనాలు, పెదాల తిమ్మిర్లు వస్తాయి. చల్లటి గ్లాసు పట్టుకున్నా చెయ్యి కాలినట్టుంటుంది. విరుగుడు లేదు. పెద్ద బారకుడా పడితే ఫొటో తీసుకుని వదిలేయండి.

ఆ రాతలో వీటిని మన పాకాల చెరువు కొర్రమీనుతో పోల్చడమూ నా పొరపాటే. మంచినీటి చేపకు ఈ విషం ఉండదు.