శాశ్వత ముగ్గు కోసం ఒక విన్నపం

విజయనగరం వీధుల్లో ధనుర్మాసం నెల్లాళ్ళూ జరిగే వృథా మీద ఇంతవరకూ ఒక్క విచారణ సంఘం కూడా వేయకపోవడం విచారకరం. తెల్లారగట్ల నాలుగున్నరకి లేచి వేసిన ముగ్గు పదింటికల్లా ఉండదు. పాలబండి తొక్కుతుంది, కోడి కెలుకుతుంది, మిగిలింది చీమలు మోసుకుపోతాయి. రోడ్డు కాంట్రాక్టరైనా మొదటి వానదాకా ఆగుతాడు కదా!

పోనీ సులువైన పనా అంటే, కాదు. బకెట్టు నీళ్ళకి రెండు గుప్పిళ్ళ పేడ కలిపి కళ్ళాపి చల్లాలి. పేడ ఎక్కువైతే ఎండాక పెచ్చులు లేస్తుంది, ముగ్గునీ వెంట తీసుకుపోతుంది. తక్కువైతే దుమ్ము అణగదు. చల్లిన వెంటనే చుక్క పెడితే పిండి నీళ్ళు తాగి పాకుతుంది. పూర్తిగా ఆరేదాకా ఆగితే గాలికి లేచిపోతుంది. నేల మీద తడి మెరుపు పోయి, రంగు ఇంకా ముదురుగా ఉన్న ఆ కాసేపే అదను. ఏ పంచాంగంలోనూ లేని ముహూర్తమిది.

ఇక పిండి. ఉత్త బియ్యప్పిండి మంచుకి చెమ్మగిల్లి ఉండకడుతుంది. రాతిముగ్గు వేళ్ళ మధ్య నుంచి ధారగా జారుతుంది గానీ చీమ దాని మొహం చూడదు. అందుకని రెండూ కలిపి జల్లెడ పడతారు. చీమల టిఫిను కూడా అంచనాల్లో చేర్చిన పని ఎక్కడ బాగుపడుతుంది?

నడిమి వరసలో పదిహేను చుక్కలు, అటూ ఇటూ వరసకొకటి తగ్గిస్తూ ముందు వరస సందుల్లో పెట్టే సందుచుక్క, ఎనిమిది వరకు. వినడానికి చిన్నదే. లెక్కేస్తే 169 చుక్కలు. నడిమి వరస సగం చుక్క జరిగిందా, మెలిక తిరిగి తిరిగి చివర్న కలవదు. అప్పుడు అరుగు మీంచి మామ్మ గొంతు: "ఏటే గుంటా, ఐదో వరస సూడు!" చెరిపితే తెల్లటి మరక. దాని మీద మళ్ళీ కళ్ళాపి, మళ్ళీ ఆ ముహూర్తం కోసం కాపలా.

రంగు కోసం పసుపు వాడితే ఎండకి వెలిసిపోతుంది. తడి సున్నం తగిలితే ఎర్రబడుతుంది. గొబ్బెమ్మకి గుమ్మడిపువ్వు పెడదామంటే పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. పువ్వు అడుగున పిందె ఉంటే అది ఆడపువ్వు, కోస్తే కాయ పోయినట్టే. ఒక పువ్వు కోయడానికి ఇంత వృక్షశాస్త్రమా?

కనుక సర్కారు ప్రతి గడపకీ ప్లాస్టిక్ స్టిక్కరు మంజూరు చేయాలి. చీమ వస్తుంది, వాసన చూస్తుంది, వెళ్ళిపోతుంది. క్రమశిక్షణ! రెండు నెలలకి అంచులు లేచి కింద మట్టి చేరుతుంది, నిజమే. అయినా పోటీలకి పదకొండింటికి వచ్చే న్యాయనిర్ణేతలకి ముగ్గంటూ ఒకటి కనబడుతుంది. ముఖ్య అతిథి బూటుతో సరాసరి మధ్యలోంచి నడిచినా పద్మం చెక్కుచెదరదు.

చిక్కల్లా కనుమనాటి రథం ముగ్గుతోనే. దాని తాడు పక్కింటి ముగ్గుదాకా లాగాలి. స్టిక్కరు తాడుని కంపెనీవాళ్ళు మీటర్ల లెక్కన అమ్మాలి. పక్కింటితో మాటల్లేనివాళ్ళకి పొట్టి సైజు కూడా ఉండాలి.

గొబ్బెమ్మల సంగతి మరీ ఘోరం. పండగవగానే వాటిని తట్టి, పిడకలు చేసి, దాస్తారు. అరసవిల్లిలో జనం బారులు తీరే రథసప్తమి నాడు ఇక్కడ వాకిట్లో వాటి మీదే పాలు పొంగించి, చిక్కుడాకులో పరమాన్నం పెడతారు. మిగిలేది పిడికెడు బూడిద. దాంతోనే ఆ గిన్నె తోమేస్తారు. ఆడిట్‌కి చూపడానికి గిన్నెకి మసైనా ఉండదు.