కల్వర్టు ఏ పద్దులో పడుతుంది?

విజయనగరం జిల్లాలో పట్టణాలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. అందులో మాది ఏదో చెప్పను. చెబితే రేపు కుళాయి రాదు.

మా వీధి మలుపులో పెద్ద కాలువ మీద కల్వర్టు పలక వానలకి విరిగిపోయింది. పాలు పోసే మావ సైకిలు పడింది, టిఫిన్ బండి చక్రం పడింది, కేబుల్ కుర్రాడు బైకుతో సహా పడ్డాడు. పడనిది ఒక్క రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారే. "చూసుకుని నడవాలి నాయనా" అంటూ పడ్డవాళ్లందరికీ ఆయనే చెయ్యి అందించేవారు.

అందరం కలిసి మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాం. అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) గారు మేస్టారి దగ్గర ఎనిమిదో తరగతి చదువుకున్నవాడు. కుర్చీలు వేయించి, మజ్జిగ తెప్పించి మరీ డబ్బుల్లేవని చెప్పాడు.

"కేంద్రం నుంచి ఆర్థిక సంఘం నిధులొస్తున్నాయిగా?" అన్నారు మేస్టారు. ఆయన పేపరుని టెండరు ప్రకటనలతో సహా చదువుతారు.

"వస్తాయి మేస్టారూ. 15వ ఆర్థిక సంఘం డబ్బులో నూటికి 60 తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టేశారు. మిగతా 40 కోసం ఊరంతా వరసలో ఉంది. మీ కల్వర్టు పైన బళ్లు నడిస్తే రోడ్డంటారు, కింద మురుగు పారితే కాలవంటారు. నేను ఏ పద్దులో పెట్టినా ఆడిట్‌వాళ్లు రెండోదే కరెక్టంటారు."

మరి మేం కట్టే ఇంటి పన్నో? ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది మొత్తం ఒకేసారి కట్టేసి 5 శాతం రాయితీ మిగుల్చుకునే జాతి మాది. అప్పట్లో ఆ డబ్బు పీడీ ఖాతా పేరుతో రాష్ట్ర ఖజానాలో ఉండేదట. బిల్లు సీఎఫ్ఎంఎస్ అనే సర్కారు ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలో పెట్టాల్సొచ్చేదట. పెట్టిన బిల్లు ఎప్పుడు పాసవుతుందో తెలీక కాంట్రాక్టర్లు టెండరే వేసేవాళ్లు కాదట. కౌన్సిల్లో తీర్మానం మాత్రం ఏకగ్రీవంగా అయిపోయింది. డబ్బు లేని తీర్మానానికి ఎవరు అడ్డుపడతారు?

"ఎమ్మెల్యే గారు ఒక్కసారి వచ్చి చూస్తే ప్రత్యేక నిధులేవైనా..." అని సగంలో ఆపాడు ఏఈ.

నిజానికి ఎమ్మెల్యే గారు చట్టప్రకారం మా కౌన్సిల్లో ఎక్స్ అఫీషియో, అంటే పదవిరీత్యా సభ్యులే. చైర్‌పర్సన్ ఎన్నికప్పుడు వచ్చి ఓటేశారు. ఆ తరవాత ఆయన కుర్చీ మీద తువ్వాలు మాత్రం క్రమం తప్పకుండా మారుస్తున్నారు. 1992లో 74వ రాజ్యాంగ సవరణ చేసి, పట్టణాలకి అప్పగించదగ్గ పనులు 18 రకాలని జాబితా రాశారు. పనులతో పాటు జేబు కూడా కుట్టించి ఉంటే మేం ఎమ్మెల్యే గారి గుమ్మం ఎక్కేవాళ్లం కాదు.

ఎక్కాం. అర్జీ రాయడానికే పెద్ద గొడవైంది. కోతుల బెడద కూడా రాయమని ఒకావిడ, ట్రాన్స్‌ఫార్మర్ జరపమని ఒకాయన. చివరికి కల్వర్టు మూడో పేజీకి పోయింది. అయినా ఎమ్మెల్యే గారు మర్యాదస్తుడు, గురువారం పొద్దున్నే స్వయంగా వస్తానన్నారు.

బుధవారం రాత్రి వీధిలో ట్రాక్టరు చప్పుడు వినబడింది. తెల్లారి చూస్తే మా వీధి మాకే కొత్త. గోడల వెంట బ్లీచింగ్ గీతలు, గుంతల్లో గ్రావెల్. కాలువ మీద సెంట్రింగ్ చెక్కలు పరిచి, పైన ఎర్రమట్టి పోసి, నీళ్లు చల్లి అణగ్గొట్టేశారు. "ఏటీ మాయ? గొయ్యేదీ?" అంది కోతుల ఆవిడ. రెండు చెక్కలు లాగేద్దామని కుర్రాళ్లు బయల్దేరారు గానీ అప్పటికే అక్కడ కానిస్టేబులున్నాడు.

ఎమ్మెల్యే గారొచ్చి సరిగ్గా ఆ చెక్కల మీదే నిలబడ్డారు. వెనక కమిషనర్, ఏఈ పైఅధికారి డీఈ, కార్యకర్తలు, దండలు. అంత బరువు! విరగాలని మేం మొక్కని దేవుడు లేడు. పైడితల్లమ్మ కూడా ఆ పూట మున్సిపాలిటీ వైపే ఉన్నట్టుంది, చెక్క కిర్రుమనలేదు. నేను చూసినన్నాళ్లలో మా మున్సిపాలిటీ అంత గట్టిగా చేసిన పని అదొక్కటే.

"సార్, మీరు నిలబడ్డచోటే గొయ్యి" అన్నారు మేస్టారు.

ఆయన కమిషనర్ వైపు తిరిగారు. "గొయ్యి ఉందా అండీ?"

"ప్రస్తుతానికి లేదు సార్."

అసెంబ్లీలో రాతపూర్వక జవాబులిలాగే ఉంటాయి: అ) లేదండి. ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు. మా నిధుల ప్రశ్నా అక్కడే ఉత్పన్నం కాకుండా పోయింది. "ఇంత శుభ్రమైన వీధి నా నియోజకవర్గంలోనే లేదు" అని మెచ్చుకుని, పెద్దలు సాయంత్రాలు కూర్చోడానికి ఎంపీ గారి నిధుల్లోంచి సిమెంటు బెంచీలు వేయిస్తానని మాటిచ్చి, ఎమ్మెల్యే గారు కారెక్కారు. మేమే చప్పట్లు కొట్టాం. కొట్టకపోతే బాగోదు కదా.

సెంట్రింగ్ చెక్కలు అద్దెవి. రాత్రికి రాత్రే మనిషొచ్చి పట్టుకుపోయాడు. శుక్రవారం చీకటితో పాల ప్యాకెట్ తెచ్చుకుంటూ మేస్టారు, నిన్న అంతమందిని మోసిన దారే కదా అని ధీమాగా అడుగు వేశారు. మేం పరిగెత్తుకెళ్లేసరికి నడుం లోతున నిలబడి ఉన్నారు. ప్యాకెట్ ఉన్న చెయ్యి మాత్రం పైకెత్తి పట్టుకున్నారు. కేబుల్ కుర్రాడు చెయ్యి అందిస్తూ "చూసుకుని నడవాల మేస్టారూ" అన్నాడు. ఆ మాట కోసమే వాడు ఇన్నాళ్లూ బతికున్నట్టున్నాడు.

బెంచీలు మాత్రం నిజంగానే వచ్చాయి, వీపున పేర్లతో సహా. కాళ్లు బిగించకముందే మేస్టారు కుర్రాళ్లని పోగేసి, ఒక బెంచీలో కూర్చునే పలకని కాలువకి అడ్డంగా వేయించారు. సరిగ్గా సరిపోయింది. పాల మావ సైకిలు మీద నుంచి దిగకుండానే దాటేశాడు.

వారం తిరక్కుండా ఏఈ ఫోన్ పట్టుకుని వచ్చాడు. "మేస్టారూ, పని పూర్తయినట్టు ఫొటో పెట్టాలి. బెంచీ బెంచీలా కనబడాలి. ఒక్క పూట ఆ పలక తీసి బిగించండి. ఫొటో అయ్యాక మీరేం చేసినా నేను చూడను."

"తీయిస్తాను నాయనా" అన్నారు మేస్టారు మోకాలి కట్టు సర్దుకుంటూ. "అది మొయ్యడానికి నలుగురు మనుషులు కావాలి. వాళ్ల కూలి ఏ పద్దులో రాస్తావు?"