యాంటీబాడీలు తగ్గితే రక్షణ పోయినట్టేనా?
టెస్టులో యాంటీబాడీలు తగ్గాయంటే రోగనిరోధక శక్తి పోయినట్టేనని మీ వ్యాసంలో రాశారు. అన్ని జబ్బులకూ అది వర్తించదు. రక్తంలో ఎక్కువగా ఉండే యాంటీబాడీ రకమైన ఐజీజీ అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, దాదాపు 21 రోజులు. ఇన్ఫెక్షన్ తగ్గాక దాన్ని తయారుచేసే ప్లాస్మా కణాల్లో చాలావరకు చచ్చిపోతాయి, కాబట్టి అంకె పడిపోవడం మామూలే. పడకపోతేనే వింత. మిగిలిన కొన్ని ఎముక మజ్జలో చేరి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా యాంటీబాడీలు వదులుతుంటాయి. పాత క్రిమిని గుర్తుపెట్టుకునే మెమరీ బి కణాలు, టి కణాలు వేరే ఉన్నాయి, వాటిని మామూలు ల్యాబ్ టెస్టు అసలు చూడదు. హెపటైటిస్-బి సంగతే తీసుకోండి. టీకాకు ఒకసారి బాగా స్పందించిన ఆరోగ్యవంతుల్లో తర్వాత యాంటీబాడీలు రక్షణకు గుర్తుగా చూసే హద్దు అయిన మిల్లీలీటరుకు 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్ల కిందికి దిగినా రక్షణ నిలుస్తుంది. ఆ వైరస్ జబ్బుగా ముదరడానికి వారాలు, నెలలు పడుతుంది. మెమరీ కణాలు కొద్ది రోజుల్లోనే కొత్త యాంటీబాడీలతో సిద్ధమైపోతాయి. ధనుర్వాతం దగ్గర మాత్రం మీ మాటే కరెక్టు. దాని బాక్టీరియా వదిలే విషం నరాల్లోకి ఎక్కాక మెమరీ కణాలు మేల్కొని లాభం లేదు, యాంటీబాడీ ముందే రక్తంలో ఉండాలి. బూస్టర్ అందుకే. పైగా జబ్బు పుట్టించే విషం మోతాదు ఎంత తక్కువంటే, ధనుర్వాతం వచ్చి కోలుకున్నవాళ్లకు కూడా నిరోధకత రాదు, వాళ్లకూ టీకా వేయాల్సిందే.