కొత్త బోరుతో కొత్త నీళ్లు రావు

అర్ధరాత్రి దాటాక బోరు బండి మా పొలంలో దిగింది. 300 అడుగుల దాకా తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. నాన్న ఆ పొడిని గుప్పిట్లోకి తీసుకుని, ఎక్కడైనా చెమ్మ తగులుతుందేమోనని వేళ్లతో నలుపుతూ నిలబడ్డారు. ఇంకో రాడ్డు దించమంటారా అని బండివాళ్లు అడిగిన ప్రతిసారీ తల ఊపారు. 640 అడుగుల దగ్గర ఆపేశాం. అది మాకు మూడో ఫెయిల్ బోరు. అడుగుకింత అని లెక్కగట్టి డబ్బు తీసుకుని, తెల్లవారకముందే బండి వెళ్లిపోయింది.

బోరు ఎక్కడ వేయాలో పాయింటు పెట్టినాయన, కొబ్బరికాయ అరచేతిలో నిలబడిన చోటే సున్నంతో గుర్తు వేశాడు. ఆయన మీద నాకు కోపం లేదు. మా అనంతపురం నేల కింద ఏముందో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఉన్నది గ్రానైటు, నైస్ వంటి గట్టి రాయి. నీరు నిలిచేది పైనున్న శిథిల శిలల (ఎండకూ వానకూ చితికిన రాతి) పొరలో, దాని కింది పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లు సాధారణంగా తగ్గిపోతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లోని ఇసుక పొరల సంగతి వేరు. ఇక్కడ లోతు పెరిగితే ఖర్చు పెరగడం ఖాయం, నీళ్లు పెరుగుతాయన్న భరోసా లేదు.

అసలు లెక్క వానతో మొదలుపెట్టాలి. జిల్లాలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర. గట్టి రాతి నేలల్లో అందులో సుమారు పదో వంతు భూమిలోకి ఇంకుతుందనుకుందాం. అంటే 55 మిల్లీమీటర్లు, రెండు అంగుళాలకు కాస్త ఎక్కువ. ఎకరానికి రెండు లక్షల లీటర్ల పైచిలుకు. వినడానికి బోలెడు నీళ్లు. కానీ వరి పంటకు 1,200 మిల్లీమీటర్ల వరకు కావాలి. బోరు కింద ఒక్క ఎకరం వరి పండాలంటే సుమారు 20 ఎకరాల ఇంకుడు నీరు పట్టాలి. మడిలో పెట్టిన నీటిలో సగం మళ్లీ ఇంకుతుందనుకున్నా, 10 ఎకరాలు. మాకున్నది ఐదు ఎకరాలు. మిగిలిన నీళ్లు ఎవరివి? గట్టు అవతలి వాళ్లవే. వాళ్లకూ బోర్లున్నాయి, వాళ్లూ ఇదే ఆశతో తోడుతున్నారు.

అందుకే ఒకరి బోరు పడితే పక్కవారి బోరు తగ్గుతుంది, వారు ఇంకా లోతుకు పోతారు. ఈ పందెంలో అప్పు మాత్రం ఎవరిది వారికే. పంట పోతే బీమా గురించి కనీసం మాట్లాడతారు. ఎండిన గుంతకు పోసిన డబ్బు గురించి ఎవరూ మాట్లాడరు. ఇది నన్ను నిజంగా బాధించే విషయం.

చట్టం లేక కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం వచ్చింది. బోరు తవ్వకానికి అనుమతి, రిగ్గులకు, అంటే బోరు బండ్లకు రిజిస్ట్రేషన్, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి కూడదన్న నిబంధన, అన్నీ అందులో ఉన్నాయి. అర్ధరాత్రి వచ్చిన బండి దగ్గర ఆ కాగితం అడిగేవారెవరు? రైతులకు ఉచితంగా బోర్లు వేసేందుకు 2020లో మొదలైన వైఎస్సార్ జలకళ పథకంలో బోరుకు ముందు భూగర్భజల సర్వే చేయించాలన్నారు. మంచి నిబంధన. సొంత డబ్బుతో వేసుకునే రైతుకూ ఆ సర్వే ఊళ్లోనే, చవకగా అందాలి.

ఇంతకన్నా ముందుకు వెళ్లిన అనుభవం మన దగ్గరే ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో రైతులే వానమాపకాలు చూసుకున్నారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీరెంత, ఏ పంటకెంత అని లెక్క వేసుకున్నారు. వరి తగ్గించాలో వద్దో ఆ లెక్కను బట్టి ఎవరికి వారు నిర్ణయించుకున్నారు. చదువు పెద్దగా లేని రైతులు చేసిన పని అది. ప్రతి పంచాయతీలో ఆ లెక్క పలక మీద రాసి పెట్టడానికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు.

నాన్న ఇప్పుడు నాలుగో పాయింటు గురించి మాట్లాడుతున్నారు. ఈసారి బండికి ఫోను చేసే ముందు, చుట్టుపక్కల పది బోర్ల నీటి మట్టం కొలిచి చూద్దామని ఆయన్ను ఒప్పించాను. టేపు, దానికి కట్టే బరువు సిద్ధంగా ఉన్నాయి. పక్క పొలం వాళ్లు కూడా వస్తామన్నారు.