పులుసు దోషి, బెల్టు నిర్దోషి

మా బావగారి నడుము 42 అంగుళాలు. బెల్టు మాత్రం 38 దగ్గరే ఆగిపోయింది. తొలి జీతంతో కొన్ననాటి కొలతను అది నేటికీ గౌరవిస్తోంది.

విశాఖ ఎంవీపీ కాలనీలో వారింట ఆదివారం భోజనం ఒక క్రతువు. ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చిన వంజరం వేపుడుగా ఒకసారి, పులుసుగా ఇంకోసారి వారి కడుపు చేరుతుంది. పెరుగన్నం అయ్యాక వారు లేచి, ఊపిరి బిగబట్టి, బెల్టును మూడో చిల్లుకు లాగుతారు. అప్పుడు సోఫా కిందికి దొర్లిన రిమోటు గుర్తుకొస్తుంది. మోకాళ్లు వంచడం వారి హోదాకు తగదు కనుక నడుము దగ్గరే రెండుగా మడుచుకుంటారు. మధ్యలో పొట్ట ఎటు పోవాలో ఎవరూ చెప్పరు. రిమోటు అందదు. మళ్లీ వంగుతారు. అందుతుంది, కానీ బ్యాటరీ మూత ఊడి లోపలికి పోతుంది. మూడోసారి వంగుతారు. ఇంత శ్రమపడ్డాక అదే సోఫాలో వెల్లకిలా పడుకుంటారు. పావుగంటకు పుల్లటి తేన్పు ఒకటి విడిచి, గుండెల మీద చెయ్యి వేసుకుని, వంటింటి వైపు తిరిగి తీర్పు చెబుతారు:

"పులుసులో కారం ఎక్కువైందే!"

అన్నవాహిక కడుపులో కలిసేచోట కండరంతో చేసిన ఒక తలుపు ఉంటుంది. బిగించిన బెల్టు, వంగిన నడుము కలిసి కడుపును నొక్కితే ఆమ్లం ఆ తలుపును తోసుకుని పైకి వస్తుంది. పడుకుంటే దాన్ని కిందికి లాగే భూమ్యాకర్షణ కూడా సెలవు పెడుతుంది. 2002 నుంచి మన బీచ్ రోడ్డులో కొలువున్న కుర్సురా జలాంతర్గామిని సముద్రపు ఒత్తిడికి తట్టుకునేలా కట్టారు. బావగారిని అలా కట్టలేదు.

తిన్నాక మూడు గంటలు పడుకోవద్దని, తప్పకపోతే ఎడమ పక్కకు తిరగమని చెప్పాను. అటు తిరిగితే టీవీ కనబడదన్నారు. మంచానికి తలవైపు కోళ్ల కింద 15 సెంటీమీటర్ల దిమ్మలు పెట్టమన్నాను. తల కింద మూడు దిండ్లు పేర్చుకుని, పడుకుని కూడా వంగడం సాధించారు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. అక్క మొదట కారం తగ్గించింది. తర్వాత చింతపండు తగ్గించింది. ఆవకాయ జాడీ అటకెక్కింది. కారం కొందరికి పడదు, నిజమే. కానీ ఇప్పుడు ఆ పులుసులో వంజరం వట్టి నీళ్లలో ఈదుతోంది, అయినా ఆయనకు మండుతోంది, అయినా తప్పు అక్కదే! ముప్పై ఏళ్ల చేతివంటను ఒక తోలుముక్క కోసం బోనెక్కించడానికి సిగ్గుండాలి. తనకు ఇష్టమైన పులుసు తిని ఆవిడకు ఎన్నాళ్లయిందో ఎవరైనా అడిగారా? రెండుసార్లు వడ్డించుకున్న నేనూ అడగలేదు.

నిన్న బావగారు బెల్టుకు కొత్త చిల్లు పొడిపించారని తెలిసి పొంగిపోయాను. అక్క ఫోనులో సరిదిద్దింది.

లోపలి వైపుకట.