ఆఫ్రికాకి మేం చేసిన సేవ: ఒక వీకెండ్ నివేదిక

మానవసేవే మాధవసేవ అన్నారు, పైగా దసరా సెలవులు, పైగా టికెట్లు ముందే బుక్ చేస్తే కాస్త తక్కువకి వచ్చాయి, అందుకని మా కుటుంబం మొత్తం మలావీలో ఒక పల్లెటూరి మిషన్ హాస్పిటల్‌కి 3 వారాలు సేవ చెయ్యడానికి వెళ్లాం. అసలు సంగతేంటంటే మా అమ్మమ్మ పుట్టింది గుంటూరు కుగ్లర్ హాస్పిటల్లో. అమెరికా డాక్టరమ్మ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరొచ్చి 1930లో పోయేదాకా ఆ ఊరినే అంటిపెట్టుకుని ఉంది, ఆ బాకీ ఎవరో ఒకరు తీర్చాలి కదా. ఆవిడవి 47 ఏళ్లు, మావి 3 వారాలు, కనీసం వడ్డీ కింద జమ వేసుకోవాలని మనవి.

టీమ్ బలం కూడా చెప్పాలి. మా ఆవిడ స్కిన్ డాక్టరు, బట్టతల మీద జుట్టు మొలిపించడంలో హైదరాబాద్‌లో మంచి పేరు. అక్కడ కావాల్సింది మాత్రం సిజేరియన్లు. నాది ఎక్సెల్. మా చింటూకి తొమ్మిదేళ్లు, వాడి డిపార్ట్‌మెంట్ ఫుట్‌బాల్.

శుక్రవారం సాయంత్రం ఫార్మసీని డిజిటల్ చేసేశా. అప్పటిదాకా పాపం ప్రతి మందు పక్కనా ఒక అట్టముక్క పెట్టుకుని, వచ్చిందెంత పోయిందెంత పెన్నుతో రాసుకుంటున్నారు. నేను రంగురంగుల గ్రాఫులు చూపిస్తుండగా కరెంటు పోయింది, ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ లేదు, ఫార్మసీ అబ్బాయి టార్చి పట్టుకుని అట్టముక్క చూసి ఎవరికో మాత్రలిచ్చి పంపేశాడు. ఆ డబ్బా మీద చూస్తే హైదరాబాద్ అడ్రస్! మాకంటే ముందే వచ్చి, ఒక్క సెల్ఫీ కూడా దిగకుండా సేవ చేసేస్తోంది, ఏం పద్ధతి ఇది.

శనివారం పొద్దున అవగాహన సదస్సు. అక్కడ ప్రతి పేషెంటుకీ ఇంటినుంచి ఒక మనిషి తోడొచ్చి, హాస్పిటల్ వెనక షెడ్డులో కట్టెల పొయ్యి మీద వండిపెడతారు, గార్డియన్ అంటారు, మన పెద్దాసుపత్రి వరండాలో క్యారేజీలు పట్టుకుని కూర్చునే అత్తగార్లే అనుకోండి. మధ్యాహ్నానికి మొక్కజొన్న పిండితో న్సీమా కెలుకుతున్నారు, అచ్చం సంకటే, రంగే తెలుపు. వాళ్ల పొయ్యిలార్పించి మరీ దోమతెరల మీద అరగంట క్లాసు పీకా. మలావీ సరస్సు ఒడ్డు ఊళ్లలో దోమతెరలతో చేపలు పడుతున్నారని చదివా కదా, ప్రాణాలు కాపాడే వస్తువుతో చేపలు పట్టొచ్చా అని గట్టిగానే అడిగా. మలేరియా దోమ గుట్టు రోనాల్డ్ రాస్ 1897లో మా సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడని కూడా చెప్పా. చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నా, ఒక తాత లేచి నా కొట్లో పంచదార ఎంతకిస్తున్నానని అడిగాడు. ఇండియన్ అంటే అక్కడ షాపు ఓనరే.

సాయంత్రానికి చింటూకి ఒళ్లు కాలిపోతోంది. అంతే, సేవ, సమానత్వం అన్నీ గాలికి. బిడ్డల్ని వీపున కట్టుకుని క్యూలో కూర్చున్న తల్లులందరినీ దాటుకుని నేరుగా లోపలికి పోయాం, ఎవరూ ఒక్క మాట అన్లేదు, అదే కాస్త ఇబ్బందిగా ఉండింది. నర్సమ్మ వేలు గుచ్చి రక్తపు చుక్క తీసి చిన్న ప్లాస్టిక్ పట్టీ మీద వేసింది. ఒక గీత వస్తే సరే, రెండో గీత వస్తే మలేరియా. మా ఆవిడా నేనూ పావుగంట ఆ పట్టీనే చూస్తూ కూర్చున్నాం, కాలేజీ సీటు లిస్టు కూడా అలా చూళ్లేదు. ఒక గీతే. ఎండలో ఆడిన జ్వరమంట.

నర్సమ్మకి మాత్రం డౌటొచ్చి మాతో గెస్ట్‌హౌస్ దాకా నడిచొచ్చింది. మంచం మీద దోమతెర లేదు. "1897లోనే కనిపెట్టారన్నారుగా, తెరేదీ?" అంది. తెర పెరట్లో ఉంది, సగ్గుబియ్యం వడియాల మీద కప్పి. అక్టోబర్ ఎండ అక్కడ ఎంత బాగా కాస్తుందో తెలుసా, అంత ఎండ ఊరికే పోతుంటే ఏ తెలుగువాడి ప్రాణం ఒప్పుకుంటుంది? ఆవిడేం మాట్లాడలేదు, వడియాల్ని పళ్లెంలోకి ఎత్తి, తెర దులిపి, చింటూ మంచానికి కట్టి వెళ్లిపోయింది.

ఆ రాత్రి ఒక కష్టమైన కాన్పు వచ్చింది. కోసింది క్లినికల్ ఆఫీసర్, అక్కడ సిజేరియన్లు ఎక్కువగా వాళ్లే చేస్తారు, ఎంబీబీఎస్ ఉండదు. ఎండీ చేసిన మా ఆవిడ టార్చి పట్టుకుంది. బాగా పట్టుకుందని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

ఆదివారం చర్చిలో మూడు గంటలు. మమ్మల్ని ముందుకు పిలిచి, చప్పట్లు కొట్టి, మా సేవకి గుర్తుగా బతికున్న కోడిని చేతిలో పెట్టారు. ఇచ్చింది ఆ షెడ్డులో వండుకునే ఒక గార్డియనమ్మ. వద్దంటే బాధపడుతుందన్నారు, తీసుకున్నాం.

సోమవారం తెల్లారి 5కి ఫోను, మనకి ఎనిమిదిన్నర, అమ్మ కాఫీ అయ్యే టైము.

"ఎంతమందిని బాగుచేశార్రా?"

"చింటూకి తగ్గిందమ్మా."

"అది సరే, వడియాలు ఎండాయా?"

పెరట్లోకి వెళ్లి చూస్తే కోడి తింటోంది.