స్పీకర్ ఆగే ఆ నాలుగు సెకన్లు

ఒక మెసేజ్ మా మండలం టీచర్ల గ్రూపులో మొదలై ఇప్పుడు తల్లిదండ్రుల గ్రూపుల్లోకీ పాకింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "వెనకబడిన పిల్లలకు ఆడియో పాఠాలట! ఇది పాత రేడియో చదువే. పిల్లలు చేతులు కట్టుకుని వింటారు, కునుకు తీస్తారు. ఎక్కడా పనిచేసిన దాఖలా లేదు. వింటే చదవడం రాదు. అసలు ఉద్దేశం టీచర్ పోస్టులు ఎత్తేయడం. ట్యాబ్‌ల కాలంలో స్పీకర్లేంటి? అందరికీ పంపండి." నాకు ఐదుగురు పంపారు. వాళ్లలో ఇద్దరు మా చుట్టాలే.

నేను కోనసీమలో ఒక లంక ఊరి బడిలో పనిచేస్తాను. గోదారి పాయ దాటితే గానీ బడి రాదు. ఇలాంటి పాఠాలు రెండేళ్లుగా వాడుతున్నాను, కొన్ని మేమే రాసి ఫోన్లో రికార్డు చేసుకున్నాం. అందుకే జవాబు రాయాలనిపించింది.

"చేతులు కట్టుకుని వింటారు" అన్నవాళ్లు ఆ పాఠం ఒక్కటైనా విన్నట్టు లేదు. స్పీకర్‌లో అక్క అంటుంది: "రేవులో పడవ ఆగి ఉంది. ఎనిమిది మంది ఎక్కారు. ముగ్గురు దిగిపోయారు. పడవలో ఎంతమంది?" అక్కడ గొంతు ఆగిపోతుంది. నాలుగు సెకన్లు ఏమీ వినపడదు. పిల్లలు "అయిదుగురు!" అని అరుస్తారు. వెంటనే అక్క, "అయిదుగురు. ఎనిమిదిలోంచి మూడు తీసేశాం కదా" అంటుంది. తప్పు చెప్పినవాడికి అక్కడికక్కడే తెలిసిపోతుంది, నేను నోటుపుస్తకాలు దిద్దేదాకా రెండు రోజులు ఆగక్కర్లేదు. ఇరవై నిమిషాల్లో ఇలా పదులసార్లు జరుగుతుంది. మధ్యలో "లేచి నిలబడండి", "పలక మీద రాయండి", "పక్కవాడికి చూపించండి" అని పనులుంటాయి. "అయిందా?" అని అక్క అడిగితే తరగతంతా "ఆయ్" అంటుంది. కునుకెక్కడ?

ఆ ఖాళీ ఎంతసేపు ఉండాలన్నదే అసలు కష్టం. మేం మొదట రికార్డు చేసినప్పుడు రెండు సెకన్లే వదిలాం. చురుకైన నలుగురు చెప్పేశారు, మిగతావాళ్లు ఆలోచన మొదలెట్టేసరికే జవాబు వచ్చేసింది. ఆరు సెకన్లు చేస్తే వెనక వరసలో జడలు లాగడం మొదలైంది. కూడికకు ఒక లెక్క, తీసివేతకు ఒక లెక్క, పలక మీద రాయాలంటే ఇంకో లెక్క. తరగతిలో పెట్టి చూసి, కోసి, మళ్లీ రికార్డు చేస్తే గానీ కుదరలేదు. ఒక కొత్త విషయాన్ని ఒక్క రోజులో ముగించకుండా రోజూ కాస్త కాస్తగా పది రోజులు తిప్పడం కూడా ఇందులో భాగమే. మన ఎక్కాలు ఎలా వచ్చాయో గుర్తు చేసుకోండి.

"ఎక్కడా పనిచేసిన దాఖలా లేదు." ఇది తప్పు. ఈ పద్ధతి పుట్టిందే 1970ల్లో, నికరాగ్వాలో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన రేడియో గణితంతో. అక్కడ ఒకటో తరగతి గదులను చీటీలు తీసినట్టు పంచారు: కొన్నింటికి రేడియో పాఠాలు, కొన్నింటికి వర్క్‌బుక్కులు, కొన్నింటికి ఏమీ లేదు. 1981లో అచ్చయిన ఫలితం ప్రకారం, ఏమీ ఇవ్వనివాళ్లకంటే వర్క్‌బుక్కుల పిల్లలు పరీక్షలో సగటున 3.5 ప్రశ్నలు ఎక్కువ సరిగ్గా చేశారు, రేడియో పిల్లలు 14.9 ప్రశ్నలు. పట్నం పిల్లలకీ పల్లె పిల్లలకీ మధ్య తేడా కూడా కొంత తగ్గింది. (పాఠాలు తయారుచేసినవాళ్లకీ ఫలితం రాసినవాళ్లకీ సంబంధం ఉంది కాబట్టి, అంతటి పెరుగుదల మన దగ్గరా వస్తుందని నేను ఆశపడను.) ఆ తర్వాత కెన్యాలో ఇంగ్లీషుకు వాడారు. మన ఆకాశవాణిలోనే 'విందాం-నేర్చుకుందాం' అని బడి పిల్లల రేడియో పాఠం వచ్చేది. అప్పటి చిక్కల్లా ప్రసారం ఒకే వేళకు రావడం, ఆ వేళకు కరెంటు లేకపోతే ఆ పాఠం పోయినట్టే. ఇప్పుడు మెమరీ కార్డులో వేసుకుంటే ఆ బాధ లేదు.

కోవిడ్‌లో బడులు మూసినప్పుడు బోట్స్‌వానాలో చేసిన ప్రయోగం నాకు ఇంకా నచ్చింది. కొన్ని కుటుంబాలకు వారం వారం లెక్కలు మెసేజ్‌గా పంపారు. కొన్ని కుటుంబాలకు మెసేజ్‌తో పాటు ఫోన్ చేసి ఆ లెక్కలు పిల్లాడితోనే చేయించారు. మెసేజ్ ఒక్కటే అందినవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు, ఫోన్ వచ్చినవాళ్లు మెరుగయ్యారు. అడిగి, ఆగి, జవాబు వినడంలోనే ఉంది తేడా.

"టీచర్ పోస్టులు ఎత్తేయడానికి." ఈ భయం ఊరికే పుట్టలేదు. పిల్లలు తగ్గారని బడులు కలిపేయడం కళ్లారా చూశాం. స్పీకర్‌ని చూపించి పోస్టు తీసేస్తామంటే ధర్నాలో ముందు వరసలో నేనే కూర్చుంటాను. కానీ ఆ పాఠం టీచర్ లేకుండా నడవదు. విద్యాహక్కు చట్టం లెక్కే చూడండి: 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, తరగతులేమో ఐదు. మా దగ్గరా అంతే. ఒకటి, రెండు తరగతులు మా మేడమ్‌గారు చూస్తారు, మిగతా మూడూ నావి. స్పీకర్ మాట్లాడుతున్నంతసేపూ నా నోటికి విశ్రాంతి, కళ్లకు పని. అందరూ ఒక్కసారి జవాబు చెబుతారు కదా, అందులో గుంపులో గోవిందా గాళ్లు ఉంటారు. పక్కవాడి పెదాలు చూసి అరక్షణం ఆలస్యంగా కలిపేస్తారు. బోర్డు దగ్గర ఉండగా వాళ్లను నేనెప్పుడూ పట్టుకోలేదు. ఇప్పుడు వరసల మధ్య నడుస్తూ పట్టుకుంటున్నాను. ఆ పని స్పీకర్ చేయలేదు.

"వింటే చదవడం రాదు." సగం నిజం, ఒప్పుకుంటాను. గుణింతాలు, ఒత్తులు కళ్లతో చూసి వేలితో దిద్దాల్సినవే. అచ్చు కాగితం చేతిలో లేకుండా ఆడియోతో చదవడం నేర్పుతామంటే నమ్మకండి. పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే ఏసర్ సర్వేలో, 2024లో, పల్లెల్లోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశం మొత్తమ్మీద 23.4 శాతమే. ఆ లోటు స్పీకర్ ఒక్కటే పూడ్చదు. అయితే చెవి పని చెవికి ఉంది. "కళ్ళు", "కల్లు" ఒకేలా పలికే పిల్లాడు ఒకేలానే రాస్తాడు. మా ఊళ్లో ఆ రెండూ కలిస్తే వచ్చే వాక్యాలు ఇక్కడ రాయలేను. ఇంగ్లీషు పలకడానికీ, నోటి లెక్కలకూ చెవే దారి.

ఇక ట్యాబ్‌ల సంగతి. పెరూలో పల్లె బడులకు పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చి 15 నెలల తర్వాత చూస్తే లెక్కల్లో, భాషలో మార్పు కనపడలేదు. వస్తువు ఉంటే చాలదు, అంతే.

మెసేజ్ రాసినాయన అడగాల్సిన ప్రశ్న మాత్రం అడగలేదు. పాఠం అందరికీ ఒకే వేగంతో పోతుంది కదా, వెనకబడ్డవాడు దాంట్లోనూ వెనకబడడా? బడతాడు. నాలుగో తరగతి పాఠం పెడితే తీసివేత రాని పిల్లాడు ఆ నాలుగు సెకన్లూ గోడకేసి చూస్తాడు. మాకు అది తెలియడానికి మొదటి ఏడాది పట్టింది. తరువాత తరగతిని పక్కన పెట్టి, ఎవరికి ఎంతవరకు వచ్చో చూసి గుంపులు చేశాం. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్లుగా చెబుతున్నది అదే. ఐదో తరగతి పిల్లాడు మూడో తరగతి వాళ్లతో కూర్చోవడానికి సిగ్గుపడితే, వాడికి స్పీకర్ నొక్కే డ్యూటీ ఇచ్చాం. ఇప్పుడు ఆ డ్యూటీ కోసం కొట్టుకుంటున్నారు.

వరదొస్తే మాత్రం ఏదీ లేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలన్నీ నీళ్లలోనే ఉన్నాయి. మామూలు వానకు కూడా మాకొక చిక్కుంది. మా వరండా రేకులది, గట్టి జల్లు పడితే స్పీకర్ ఎంత పెంచినా వినపడదు. మొన్న అలాగే అయింది. అక్క ప్రశ్న ఎవరికీ వినపడలేదు. అయినా సరిగ్గా నాలుగు సెకన్లాగి మూడో తరగతి అమ్మాయి ఒకర్తి "పన్నెండు!" అని అరిచింది. ఆ పాఠం తనకి కంఠతా వచ్చేసింది. రేపటికి కొత్తది రికార్డు చేయాలి.